పసిబిడ్డకి పెద్ద జబ్బు చేసినప్పుడు బిడ్డ మనసు, ఇంటివాళ్ల మనసు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇచ్ఛాపురం నుంచి ఎస్.కోట దాకా ఎక్కడ పసిబిడ్డకి సీరియస్ అయినా మనవాళ్లు ముందు శ్రీకాకుళం పెద్దాసుపత్రికో, విజయనగరం ఘోషాసుపత్రికో పరిగెడతారు. అక్కడ కాదంటే విశాఖ కేజీహెచ్. నేను పసిపిల్లల వార్డులో నర్సుగా చాలా ఏళ్లు చేశాను. మందుల గురించి, ఆపరేషన్ గురించి డాక్టరుగారిని అందరి ముందే అడుగుతారు గానీ, మనసుకి సంబంధించినవి మాత్రం మెట్ల దగ్గరో కుళాయి దగ్గరో నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అడిగేవారు. అవి కూడా వైద్యానికి సంబంధించిన ప్రశ్నలే. బిడ్డ పక్కన తన మనిషి ఉండటం, ఆ మనిషి తిని, నిద్రపోయి, కుదురుగా ఉండటం ట్రీట్‌మెంట్‌లో భాగమని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే ఎక్కువమంది అడిగినవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

నెలల పిల్లకి మనసేటి సిస్టరమ్మా, దానికేం తెలుస్తాది?

చాలా తెలుస్తుంది. అమ్మ గొంతుని కడుపులో ఉన్నప్పటి నుంచీ వింటూ ఉంది కాబట్టి పుట్టిన ఒకటి రెండు రోజులకే మిగతా ఆడవాళ్ల గొంతుల్లోంచి దాన్ని పోల్చుకుంటుంది. కొద్ది రోజుల్లో అమ్మ పాల వాసన పట్టేస్తుంది. చూపు మసకగానే ఉంటుంది, అయినా జానెడు దూరంలో ఉన్న మొహం కనిపిస్తుంది, పాలు తాగేటప్పుడు అమ్మ మొహం ఉండేది సుమారుగా అంత దూరంలోనే.

నొప్పి సంగతిలో ఒకప్పుడు డాక్టర్లే పొరబడ్డారు. పసికందులకి నొప్పి సరిగ్గా తెలియదనే నమ్మకంతో 1980ల దాకా విదేశాల్లో పెద్ద ఆస్పత్రుల్లో కూడా చాలా తక్కువ మత్తుతో ఆపరేషన్లు చేసేవారు. మన దేశం నుంచి ఇంగ్లండు వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్ అనే పిల్లల డాక్టరు, నొప్పికి ఆ చిన్న ఒంట్లో హార్మోన్లు ఎంతగా పెరిగిపోతాయో కొలిచి చూపించారు. 1987లో ఆయన పరిశోధనలు అచ్చయ్యాక ఆ పద్ధతి మారుతూ వచ్చింది.

నేను కళ్లారా చూసింది ఒకటి చెప్తాను. వార్డులో కొందరు పిల్లలకి రోజూ మడమ మీద పొడిచి రక్తం తీయాల్సి వస్తుంది. అలాంటి ఒక పాప, గ్లవ్స్ వేసుకున్న చెయ్యి దుప్పటి తీయగానే, ఇంకా ఎవరూ ముట్టుకోకముందే, కాలు పొట్టలోకి లాక్కునేది. వేళ్లు బిగిసిపోయేవి, నుదురు ముడతలు పడిపోయేది. వాళ్లమ్మకి చెప్పాం, రోజూ ఆ పాదం మీద ఊరికే అరచెయ్యి ఆనించి ఉంచమని, రుద్దడం వద్దు, నొక్కడం వద్దు అని. మొదట్లో ఆవిడ చెయ్యి తగిలినా లాక్కునేది. వారం తిరిగేసరికి అమ్మ చెయ్యి పడితే వేళ్లు విప్పేది, మా చెయ్యి పడితే మళ్లీ ముడుచుకునేది. ఎవరి దగ్గర భయం, ఎవరి దగ్గర ధైర్యం అన్నది ఆ బిడ్డ ఒళ్లు అప్పటికే నేర్చేసుకుంది. పసివాళ్ల మనసు అని మేము అనేది దీన్నే.

పాపని బాక్సులో పెట్టారు. నన్ను లోపలికి రానివ్వట్లేదు. బయట కూర్చుని నేనేం చెయ్యగలను?

ముందుగా, లోపలికి వెళ్లడం మీరు అడుక్కోవాల్సిన దయ కాదని తెలుసుకోండి. జబ్బుపడ్డ నవజాత శిశువుల యూనిట్లలో, అంటే ఎస్‌ఎన్‌సీయూల్లో, తల్లిదండ్రులకి శిక్షణ ఇచ్చి బిడ్డ సేవలో కలుపుకోవాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. చేతులు మోచేతుల దాకా కడుక్కోవడం, గాజులు, ఉంగరాలు తీసెయ్యడం, గౌను వేసుకోవడం, డైపర్ మార్చడం, ఉగ్గుగిన్నెతో పాలు పట్టడం నేర్పుతారు. తండ్రికీ నేర్పుతారు. కాబట్టి "లోపలికి రానివ్వండి" అని బతిమాలే బదులు "సిస్టర్, నాకు చేతులు కడుక్కోవడం నేర్పండి, రోజూ ఏ టైముకి రావొచ్చు?" అని అడగండి. అలా అడిగిన తల్లిని కాదనడం చాలా కష్టం, అది నేను అవతలివైపు నిలబడి చూసిన మాట. ఎమర్జెన్సీ నడుస్తున్నప్పుడు బయట ఉండమంటే ఉండాలి, అది వేరు.

లోపలికి వెళ్లాక ఏడుపొస్తే రానివ్వండి, కాసేపటికి బిడ్డతో మాట్లాడండి. ఏం మాట్లాడాలో తోచకపోతే ఇంట్లో సంగతులు చెప్పండి, ఆవు ఈనిందనో, తాతయ్య ఫోన్ చేశాడనో. గట్టిగా అక్కర్లేదు, మామూలు గొంతు కన్నా కొంచెం తక్కువలో చాలు. నెలలు నిండని పిల్లల్ని ఒకేసారి నిమురుతూ, ఊపుతూ, పాడుతూ ఉంటే తట్టుకోలేరు. మొహం పక్కకి తిప్పడం, ఎక్కిళ్లు, వేళ్లు విసనకర్రలా విచ్చుకోవడం కనిపిస్తే "ఇక చాలు" అంటున్నట్టు. చెయ్యి తియ్యక్కర్లేదు, కదపకుండా ఉంచండి.

బయట ఉన్నప్పుడు మీ చేతిలో ఉన్న పెద్ద పని పాలు పిండటం. బిడ్డ నోటితో తాగలేకపోయినా ముక్కు గొట్టం ద్వారా ఇస్తారు. రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా, రోజుకి 8 సార్లయినా పిండితేనే పాలు నిలబడతాయి. టెన్షన్‌లో ఉన్నప్పుడు ధార సరిగ్గా రాదు, అంత మాత్రాన పాలు ఎండిపోయాయని అనుకోకండి. బిడ్డని చూసి వచ్చిన వెంటనే కూర్చుంటే బాగా వస్తాయని చాలామంది తల్లులు చెప్తారు. పిండిన పాలు గది వేడిలో 4 గంటల కన్నా ఎక్కువ ఉంచకండి, మన ఎండాకాలంలో అయితే వెంటనే ఇచ్చేయండి.

గుండెల మీద పడుకోబెట్టుకోమంటున్నారు. ఇన్ఫెక్షన్ రాదా? పురుడు తీరకుండా నాన్న ముట్టుకోవచ్చా?

కంగారూ కేర్ అంటే ఇదే. 1970ల చివర్లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టారు. ఇప్పుడది గతిలేనివాళ్ల వైద్యం కాదు. 2021లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనంలో, అందులో మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి కూడా ఉంది, బరువు తక్కువ పిల్లల్ని పుట్టిన వెంటనే గుండెల మీద పెట్టడం మొదలుపెడితే, కుదుటపడ్డాక మొదలుపెట్టినదాని కన్నా మరణాలు నాలుగో వంతు తగ్గాయి. తర్వాత 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పుట్టిన వెంటనే మొదలుపెట్టమని, రోజుకి 8 గంటలకు తగ్గకుండా వీలైనంత ఎక్కువసేపు చెయ్యమని చెప్పింది. ఇన్ఫెక్షన్లు పెరగవు, తగ్గుతాయి.

బిడ్డకి టోపీ, డైపర్ తప్ప బట్టలుండకూడదు. మీ ఒంటికి బిడ్డ ఒళ్లు నేరుగా తగలాలి, తల ఒక పక్కకి తిప్పి ఉండాలి, మెడ మరీ వంగకూడదు. పైన మెత్తటి నూలు చీర కట్టుకుంటే సరిపోతుంది. ఉక్కపోతలో చెమట పడుతుంది, పట్టనివ్వండి, తుడుచుకోండి.

నాన్న చెయ్యొచ్చు, నానమ్మ చెయ్యొచ్చు, మేనత్త చెయ్యొచ్చు. మైల పట్టింపు ఉన్న ఇళ్లలో ఇది నిజంగా పెద్ద గొడవే అవుతుంది, పెద్దవాళ్లని తిట్టి లాభం లేదు. డాక్టరుగారు రాసిన మందు లాంటిదే ఇదీ, రోజుకి ఇన్ని గంటలని రాశారు అని చెప్పండి. చొక్కా విప్పడానికి సిగ్గుపడి నలుగురి ముందు నిలబడిపోయిన నాన్నలని చాలామందిని చూశాను. బిడ్డ గుండెల మీద పడ్డాక వాళ్లని లేపడం కష్టం.

సూది వేసేటప్పుడు నేను చూడలేను. బయటికి వెళ్లిపోతే తప్పా?

కళ్లు తిరిగేలా ఉంటే వెళ్లండి, మీ బదులు అమ్మమ్మనో నాన్ననో ఉంచండి. ఎవరో ఒకరు తనవాళ్లు ఉండాలి. పాలు తాగే పిల్ల అయితే సూదికి కాస్త ముందు నుంచే రొమ్ము పట్టించి, తాగుతుండగా వేయించుకోవచ్చు, నొప్పి తగ్గుతుందని పరిశోధనల్లో గట్టిగా తేలింది. రొమ్ము పట్టించే వీలు లేకపోతే సిస్టర్ని చక్కెర నీళ్ల చుక్కలు వెయ్యొచ్చా అని అడగండి, కొన్నిచోట్ల వేస్తారు. మీరే స్వయంగా వెయ్యకండి.

ఏడాది దాటిన పిల్లలకి నిజం చెప్పాలి. "ఏం కాదు, చీమ కుట్టినట్టుంటాది" అని చెప్పి పొడిపిస్తే, తర్వాత సెలైన్ మార్చడానికి వచ్చినా నమ్మరు, మిమ్మల్ని కూడా నమ్మరు. "నొప్పి పుడుతుంది, కొంచెంసేపే, నేను పట్టుకుని ఉంటాను, ఏడిస్తే ఏడువు" అనండి. కాళ్లూ చేతులూ అదిమిపట్టే పని మీరు చెయ్యకండి, ఒళ్లో కూర్చోబెట్టుకుని హత్తుకునే పని మీది.

ఇంకొకటి, చాలా ఇళ్లలో ఉన్నదే. అన్నం తినకపోతే డాక్టరు చేత సూది పొడిపిస్తా అని బెదిరించడం. దయచేసి మానండి. నెలల తరబడి ఆస్పత్రికి తిరగాల్సిన పిల్లకి ఆ మాట ఎంత భయం పెడుతుందో ఆలోచించండి.

ఇంటికొచ్చాక బాబు మారిపోయాడు. చంక దిగడు, రాత్రంతా ఏడుపు. దిష్టి తగిలిందంటున్నారు.

దిష్టి తియ్యండి, ఉప్పూ మిరపకాయలతో బిడ్డకి వచ్చిన నష్టమేమీ లేదు, నానమ్మకి కూడా తన వంతు ఏదో చేశానని ఉంటుంది. మిరపకాయల పొగ మాత్రం బిడ్డ గదిలోకి రాకుండా చూసుకోండి, ఊపిరితిత్తుల జబ్బు పడి లేచిన పిల్లలకి అది ప్రమాదం.

ఇలా మారడం మాత్రం మామూలే. ఏడెనిమిది నెలల నుంచి రెండు మూడేళ్ల దాకా పిల్లలకి తల్లి కనపడకపోతే ప్రాణం పోయినట్టుంటుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లండన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన ఆస్పత్రుల్లో ఒంటరిగా ఉంచిన పిల్లల్ని కూర్చుని గమనించాడు. మొదట గుక్కపెట్టి ఏడుస్తారు. తర్వాత నీరసించి మూల పడుకుంటారు. ఆ తర్వాత బుద్ధిమంతుల్లా, ఎవరు పెడితే వాళ్ల చేత తింటూ, తల్లి వస్తే మొహం తిప్పుకుంటారు. సిబ్బంది ఈ మూడో దశని చూసి "అలవాటు పడ్డాడు" అనుకునేవారు, కానీ అన్నిటికన్నా దిగులుపడాల్సింది అదే. ఆయన చూపించినదాని వల్లా, 1959లో బ్రిటన్ ప్రభుత్వ కమిటీ ఇచ్చిన సిఫారసుల వల్లా తల్లుల్ని పిల్లల వార్డుల్లో ఉండనివ్వడం క్రమంగా మొదలైంది.

కాబట్టి మీ బాబు ఏడుస్తూ మిమ్మల్ని అంటిపెట్టుకుని ఉన్నాడంటే మిమ్మల్ని ఇంకా నమ్ముతున్నాడన్నమాట. గారం ఎక్కువైపోతుందని దింపెయ్యకండి. కొన్ని వారాలు పట్టొచ్చు. నిద్ర, స్నానం, అన్నం రోజూ ఒకే వేళకి, ఒకే మనిషి చేత జరిగేలా చూడండి. పక్క తడపడం, మానేసిన సీసా మళ్లీ అడగడం లాంటివి చేస్తే కోప్పడొద్దు. చూడ్డానికి వచ్చే చుట్టాలని కొన్నాళ్లు వాకిట్లోనే కూర్చోబెట్టండి. మాటలొచ్చిన పిల్లలు బొమ్మకి ప్లాస్టర్ అంటించి, పుల్లతో సూది వేసి ఆడుకుంటారు, ఆడనివ్వండి, జరిగినదాన్ని వాళ్లు అలాగే జీర్ణం చేసుకుంటారు.

అయితే ఏడుపు ఆగకుండా ఉన్నా, జ్వరం, వాంతులు ఉన్నా, పాలు మానేసినా ముందు డాక్టరుకి చూపించండి, ఒంట్లో నొప్పి ఉందేమో తేలాలి. అసలు ఏడవకుండా, నవ్వకుండా, ఎవరి మొహమూ చూడకుండా ఉండే బిడ్డని ఇంకా తొందరగా చూపించాలి. "మా పాప చాలా సైలెంట్, అస్సలు ఇబ్బంది పెట్టదు" అని కొందరు మురిపెంగా చెప్తారు. నాకు ఆ మాట వింటే భయం.

నాకు బిడ్డ మీద ప్రేమే రావట్లేదు. ఏడుపు కూడా రావట్లేదు. నేను తల్లినేనా?

తల్లివే. ఈ ప్రశ్న అడగడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. బిడ్డ పుట్టగానే ఒళ్లోకి రాకుండా గాజుపెట్టెలోకి వెళ్లిపోయింది, ఉంటుందో లేదో తెలియదు, ఎక్కడ ప్రేమ పెంచుకుంటే ఎక్కడ పోతుందోనని మనసు దానంతటదే మొద్దుబారిపోతుంది. బిడ్డని ఎత్తుకుంటూ, పాలిస్తూ ఉండగా చాలామందికి నెమ్మదిగా వస్తుంది, కొందరికి నెలలు పట్టొచ్చు.

కానీ రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, బిడ్డ పడుకున్నా నిద్ర పట్టకపోతే, అన్నం సయించకపోతే, నేనెందుకూ పనికిరాననిపిస్తుంటే అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావొచ్చు. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, 2017లో వచ్చిన లెక్క ప్రకారం, బాలింతల్లో సుమారు 22 శాతం మందికి ఇది ఉంది. బిడ్డ ఆస్పత్రిలో ఉన్న తల్లుల్లో ఇంకా ఎక్కువ. ఎడింబరో స్కేల్ అని పది ప్రశ్నల కాగితం ఒకటి ఉంటుంది, ఐదు నిమిషాల్లో అయిపోతుంది, డాక్టరునో సిస్టర్నో అడిగి చేయించుకోండి. కౌన్సెలింగ్ ఉంది, పాలిస్తూ కూడా వాడగలిగే మందులున్నాయి. మీకు మీరే మందులు ఆపడం, మొదలుపెట్టడం వద్దు.

డిప్రెషన్‌లో ఉన్న తల్లిని బాగు చేస్తే బిడ్డ కూడా బాగుపడుతుంది. తల్లి మొహంలో కదలిక లేకపోతే నెలల పిల్ల ఎలా కలవరపడుతుందో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే శాస్త్రవేత్త 1970ల్లోనే చూపించాడు. తల్లి రెండు నిమిషాలు రాయిలా కూర్చుంటే బిడ్డ ముందు నవ్వి పలకరిస్తుంది, చేతులు చాస్తుంది, చివరికి మొహం తిప్పేసుకుంటుంది. తల్లి మళ్లీ పలకరిస్తే తేరుకుంటుంది కూడా. ఇది చెప్పేది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. మీరు బాగవ్వడానికి తీసుకునే సాయం బిడ్డకే చేరుతుందని చెప్పడానికి.

చచ్చిపోవాలనిపించినా, బిడ్డని ఏదైనా చేసేస్తానేమోనని భయం వేసినా ఆ నిమిషమే పక్కనున్నవాళ్లకి చెప్పండి, ఒంటరిగా ఉండకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. ఇంట్లోవాళ్లకి ఒక మాట: బాలింత నిద్ర లేకుండా తిరుగుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ, ఎవరో పిలుస్తున్నారని, బిడ్డ తన బిడ్డ కాదని అంటుంటే గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లకండి. అది అరుదుగా వచ్చే పెద్ద జబ్బు, అదే రోజు ఆస్పత్రిలో చేర్చాలి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, జిల్లా ఆస్పత్రిలో కూడా సైకియాట్రీ ఓపీ అడగండి. సరైన మందులతో బాగా తగ్గిపోతుంది.

గ్రహణం రోజు బయటికెళ్లావు, అందుకే ఇలా పుట్టిందని అత్తగారు అంటున్నారు. నిజమా?

కాదు. పెదవి చీలినా, గుండెకి రంధ్రం ఉన్నా, నెలలు నిండకుండా పుట్టినా గ్రహణానికీ దానికీ సంబంధం లేదు. వెయ్యి మంది పిల్లల్లో ఎనిమిది తొమ్మిది మందికి పుట్టుకతో గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది, ఎక్కువమందిలో ఫలానా కారణమని చెప్పలేరు. తలసీమియా, సికిల్ సెల్ జబ్బులు తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ జన్యువు వస్తేనే వస్తాయి, ఒక్క తల్లి వల్ల రావు. మేనరికాల్లో కొన్ని జన్యు జబ్బుల అవకాశం పెరుగుతుంది, నిజమే, కానీ ఆ పెళ్లి పెద్దలందరూ కూర్చుని చేసినది, ఇరవై ఏళ్ల పిల్ల ఒక్కతే మోయాల్సిన తప్పు కాదు.

అత్తగార్లూ, మీకే చెప్తున్నాను. మీ కోడలు ఆ మాట మీ కన్నా ముందే తనని తాను వందసార్లు అనుకుని ఉంటుంది. నష్టజాతకం, అడుగుపెట్టిన వేళ అని అంటుంటే ఆవిడ తిండి మానేస్తుంది, నిద్ర మానేస్తుంది, పాలు పిండటానికి ఓపిక లేక ఊరుకుంటుంది. ఆ పాలు మీ మనవడివి. "అన్నం తిన్నావా తల్లీ, కాసేపు నడుం వాల్చు, నేను చూసుకుంటాను" అంటే చాలు.

మా ఆయన వార్డుకే రావట్లేదు. వచ్చినా మాట్లాడడు.

కోపం రావడం న్యాయమే, కానీ ఒకసారి ఆయన రోజు కూడా చూడండి. రక్తం దొరికిందా, వైద్య సేవ కౌంటర్లో సంతకం అయిందా, అప్పు పుట్టిందా, పలాస బండి పోయిందా అని తిరుగుతూ ఉంటాడు. అదంతా చేసి వచ్చాక బిడ్డ ముఖాన గొట్టాలు చూడలేక బయటే నిలబడతాడు. మగవాడు ఏడవకూడదని నేర్పాం కాబట్టి అది చిరాకులాగానో, మందు సీసాలాగానో బయటికొస్తుంది. నాన్నలకి కూడా డిప్రెషన్ వస్తుంది, 14416 వాళ్లకీ పనికొస్తుంది.

ఆయనకి ఏదైనా ఒక పని బిడ్డ దగ్గరే అప్పజెప్పండి, రోజూ సాయంత్రం గుండెల మీద పడుకోబెట్టుకోవడమో, ఉగ్గుగిన్నెతో పాలు పట్టడమో. చేతికి పని ఉన్న నాన్న వార్డు వదలడు. చెన్నైలోనో గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీదో పనికెళ్లినవాళ్లయితే రాత్రి ఒక టైము పెట్టుకుని ఫోన్ స్పీకర్లో పెట్టి బిడ్డకి మాట వినిపించండి, సిస్టర్ని అడిగి. ఇద్దరూ ఒకేలా బాధపడరు. ఒకరు మాట్లాడితే గానీ తేలికపడరు, ఇంకొకరికి మాట్లాడితేనే బరువు. దాన్ని ప్రేమ లేకపోవడం అనుకోవద్దు.

పెద్దమ్మాయిని టెక్కలిలో అమ్మమ్మ దగ్గర వదిలేశాం. చెల్లి ఊరెళ్లిందని చెప్పాం. పర్లేదా?

నిజం చెప్పండి. చెప్పకపోతే పిల్లలు ఊరుకోరు, తమకి తోచిన కథ అల్లుకుంటారు. మూడేళ్ల నుంచి ఆరేడేళ్ల దాకా పిల్లలకి తాము అనుకున్నదే జరుగుతుందనే నమ్మకం ఉంటుంది. "చెల్లి వద్దు అన్నాను, అందుకే దానికి జబ్బు చేసింది" అని లోపల కుమిలిపోయే పిల్లలుంటారు. "చెల్లికి గుండెలో జబ్బు, డాక్టర్లు బాగు చేస్తున్నారు, నువ్వు ఏం చేసినా అనుకున్నా రాలేదు, నీకు అంటుకోదు" అని సూటిగా చెప్పండి. రోజూ ఒకే వేళకి ఫోన్ చేసి, చెల్లి గురించి కాకుండా ఆ పిల్ల గురించే కాసేపు అడగండి. స్కూల్లో టీచరుకి విషయం చెప్పి ఉంచండి. చదువులో వెనకబడినా, కడుపునొప్పి అని రోజూ మారాం చేసినా దెబ్బలు వద్దు.

డబ్బులు, ప్రయాణాల సంగతేంటి?

అప్పుల దిగులు కూడా మనసుకి పట్టిన రోగమే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ఏడాది లోపు బిడ్డకి ప్రభుత్వాసుపత్రిలో వైద్యం, మందులు, పరీక్షలు, ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్లడం ఉచితం. పెద్ద ఆపరేషన్లకి ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది, ప్రతి నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర ఉంటారు, ముందు ఆ టేబుల్ దగ్గరికి వెళ్లండి. పుట్టుకతో వచ్చిన లోపాలకి ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం కింద కూడా చూస్తారు. క్యాన్సర్ అయితే విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా ఆస్పత్రి ఉంది, ముంబై దాకా పరిగెత్తే ముందు అక్కడ అడగండి. అంబులెన్స్‌కి 108.

వాతలు పెట్టిస్తే మూర్ఛ తగ్గుతుందంటున్నారు. తాయెత్తు కట్టొచ్చా?

వాతలు వద్దు. ఎవరు చెప్పినా, ఎంత పెద్దవాళ్లు చెప్పినా వద్దు. కామెర్లకీ, మూర్ఛకీ, పొట్ట ఉబ్బుకీ కాల్చిన ఇనుముతో చురకలు పెట్టించుకుని, ఆ పుండ్లకి చీము పట్టి వచ్చిన పిల్లల్ని చూశాను. అసలు జబ్బు కన్నా ఆ ఇన్ఫెక్షన్‌తోనే ప్రాణం మీదకొస్తుంది, పైగా ఆ నొప్పి సమయానికి బిడ్డని పట్టుకుని ఉన్నది అమ్మానాన్నలే. బిడ్డకి అంతకన్నా భయం ఇంకేముంటుంది? ముక్కులో చెవిలో నూనె పొయ్యడం, ఏడాది లోపు తేనె నాకించడం కూడా మానండి, తేనెతో వచ్చే బోటులిజం అనే జబ్బు పసిపిల్లలకి ఊపిరాడకుండా చేస్తుంది.

తాయెత్తు మెడలో కడితే బిగుసుకునే ప్రమాదం ఉంది, తలగడ దగ్గర కూడా దారం వదలకండి, ఇంట్లో దేవుడి దగ్గర పెట్టండి. పైడితల్లమ్మకి మొక్కుకోండి, అరసవల్లిలో పూజ చేయించుకోండి. నమ్మకం ధైర్యమిస్తుంది, ధైర్యం కావాలి. మందు మాత్రం ఆపకండి.

డాక్టరు చెప్పింది అర్థం కాలేదు. మళ్లీ అడిగితే కోప్పడతారేమో.

అడగండి. ముందురోజు రాత్రే ప్రశ్నలు కాగితం మీద రాసుకుని, ఇంట్లో ఒక్కరే వెళ్లి అడిగి, మిగతా చుట్టాలందరికీ ఆ ఒక్కరే చెప్పేలా పెట్టుకోండి. చివర్లో "నాకు అర్థమైంది ఇదండీ, కరెక్టేనా?" అని మీ మాటల్లో తిరిగి చెప్పండి.

బిడ్డ నిలవదని చెప్పేశారు. ఇప్పుడు ఏం చెయ్యాలి?

ఆ మాట విన్నాక ఏమీ వినపడదు, అందుకని మర్నాడు మళ్లీ వెళ్లి అడగండి. నయం చెయ్యలేకపోయినా నొప్పి లేకుండా, ఆయాసం లేకుండా ఉంచే వైద్యం ఉంటుంది, పాలియేటివ్ కేర్ అంటారు, అది అడిగి తీసుకోండి. బిడ్డని ఎత్తుకుంటామని అడగండి. గొట్టాలున్నా చాలాసార్లు ఒళ్లో పెట్టగలరు. పేరు పెట్టకపోతే పెట్టండి. ఫొటో తీసుకోండి, పాదానికి సిరా రాసి కాగితం మీద అచ్చు తీసుకోండి. ఇప్పుడు చూడలేం అనిపిస్తే ఎవరిచేతైనా దాచిపెట్టించండి, ఏళ్ల తర్వాత అది అడిగే తల్లులున్నారు.

మన దగ్గర పసిబిడ్డ పోతే తల్లికి చూపించకుండానే మగవాళ్లు తీసుకెళ్లిపోతారు, చూస్తే తట్టుకోలేదని. చూస్తావా అని ఆవిడనే అడగండి. వద్దంటే సరే, కావాలంటే ఆపొద్దు. రొమ్ముల్లో పాలు ఇంకా వస్తుంటాయి, నొప్పి పుడుతుంది, ఆ సంగతి ఎవరూ అడగరు. గట్టిగా బిగించి కట్టొద్దు, బరువు తగ్గేంత మాత్రమే పిండుకుని చల్లటి గుడ్డ వేసుకుంటే క్రమంగా ఆగిపోతాయి. జ్వరం వచ్చి రొమ్ము ఎర్రబడితే చూపించుకోవాలి. "ఇంకోడు పుడతాడులే" అని మాత్రం ఎవరూ అనకండి. పోయిన బిడ్డ బదులు ఎవరూ పుట్టరు. ఎన్నాళ్లైనా ఆ పేరు పలకనివ్వండి.

నెలలు తక్కువ పుట్టాడు. పక్కింటి పిల్లాడు బోర్లా పడుతున్నాడు, వీడు పడట్లేదు.

లెక్క సరిచేసి చూడండి. రెండు నెలల ముందు పుట్టిన బాబుకి ఇప్పుడు ఆరు నెలలైతే, వాడిని నాలుగు నెలల పిల్లాడితో పోల్చాలి. రెండేళ్లు వచ్చేదాకా ఇలాగే లెక్కపెడతారు. ఆశా కార్యకర్త పుట్టిన మొదటి 42 రోజుల్లో చాలాసార్లు ఇంటికి వస్తుంది, తర్వాత మూడు నెలల నుంచి పదిహేను నెలల దాకా కూడా వస్తుంది, ఆవిడకి ఆస్పత్రి కాగితాలు చూపించండి. ఎదుగుదల మీద అనుమానం ఉంటే జిల్లా డీఈఐసీకి, అంటే పిల్లల ఎదుగుదల లోపాలని చిన్నప్పుడే చూసే ప్రభుత్వ కేంద్రానికి, రాయించుకోండి, ఫిజియోథెరపీ, మాటల థెరపీ, చూపు, వినికిడి పరీక్షలు ఒకేచోట ఉంటాయి. "పెద్దయితే వస్తుందిలే" అని ఏడాది ఆగితే పోయిన ఏడాది తిరిగిరాదు. ఇంట్లో మాత్రం పరీక్ష పెట్టినట్టు రోజూ చూడకండి. ఒళ్లో వేసుకుని కబుర్లు చెప్పండి, వాడు "ఊ" అంటే మీరూ "ఊ" అనండి.

మేము చుట్టాలం. మేమేం చెయ్యగలం?

గుంపుగా వెళ్లొద్దు. జలుబున్నా, వెంట పిల్లలున్నా వెళ్లొద్దు. గూగుల్‌లో చూసింది, ఎవరికో ఇలాగే జరిగి ఏమైందో చెప్పొద్దు. పెద్ద పిల్లని నాలుగు రోజులు మీ ఇంట్లో ఉంచుకోండి, ఆవుకి గడ్డి వెయ్యండి, వార్డు దగ్గర ఒక రాత్రి మీరు కూర్చుని తల్లిని పడుకోనివ్వండి. బయల్దేరే ముందు ఫోన్ చేసి, ఏమైనా కావాలా అని అడిగితే ఎవరైనా వద్దనే అంటారు, అందుకని "అన్నం, పప్పు తెస్తున్నాను, ఎంతమందికి తేవాలి?" అని అడగండి.